కాల్షియం మాత్రలు

ఆ ఎండాకాలం నేను రోజూ పొద్దున ఒకే మాట అనుకుంటూ లేచేదాన్ని: ఈరోజు ఆయనకు చెప్పేయాలి. అలా పదకొండు వారాలు లేచాను.

చెప్పాల్సింది పొడుగాటి సంగతి కూడా కాదు. నాకు పదమూడో ఏటి నుంచి ఫిట్స్ ఉన్నాయి. పొద్దునొక మాత్ర, సాయంత్రమొక మాత్ర వేసుకుంటే రావు. చివరిసారి డిగ్రీ రెండో సంవత్సరంలో కాలేజీ మెట్ల మీద వచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్ళుగా లేదు. అంతే. కానీ గోరంట్లలో మా ఇంటి నుంచి, ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే మల్లికార్జునయ్య గారింటికి కోడలిగా వెళ్ళేటప్పుడు ఈ నాలుగు ముక్కలూ ఎవ్వరమూ చెప్పలేదు.

"ముందు పెండ్లి కానీ. పిల్లోడు మంచోని మాదిరే ఉండాడు. ఆ ఇల్లు నీకు అలవాటైనాక నువ్వే మెల్లగా చెప్పుకో" అంది మా అమ్మ వెంకటలక్ష్మమ్మ. పెళ్ళికి వారం ముందు వంటింట్లో కూర్చుని, షీట్లలోంచి మాత్రలు ఒక్కొక్కటే ఒత్తి తీసి, ఖాళీ కాల్షియం సీసాలో పోసింది. నేను చూస్తూ కూర్చున్నాను. వద్దని అనలేదు.

తప్పంతా అమ్మదేనని చాలాసార్లు అనుకున్నాను. అది నిజం కాదు. పెళ్ళికి ముందు నలభై రోజులు పెళ్ళికొడుకు భరత్‌కుమార్ నాతో ఫోన్లో మాట్లాడాడు. ఒకసారి తనే, "నాకు కోపం బిన్నా వస్తాది, బిన్నా పోతాది. ముందే చెప్తాండా. నీ గురించి నాకు తెలియాల్సింది ఏమన్నా ఉండాదా?" అని అడిగాడు. నేను నవ్వేసి, నాకు నిద్ర ఎక్కువ అన్నాను. ఆ రోజు నా పక్కన అమ్మ లేదు.

పెళ్ళి ఫిబ్రవరి నెలాఖరులో జరిగింది. మొదటి వారం ఇంటి నిండా చుట్టాలు. తర్వాతి వారం ఆయన సరుకు తీసుకుని బెంగళూరు వెళ్ళాడు. ఉగాది ముందర ఇలాంటి మాట ఎందుకనిపించింది. ఉగాది నాడు అత్త లలితమ్మ ఓళిగలు చేసి నా ఆకులో మూడు వేసి, "వచ్చే ఉగాదికి ఇంట్లో పసిబిడ్డ ఉండల్ల" అంది. ఆయన తల వంచుకుని నవ్వాడు. బిడ్డ గురించి అనుకునే ముందే తన దగ్గరికి రావాలని, మాత్రలు మార్చాల్సి ఉంటుందని హిందూపురంలో నా డాక్టరు చెప్పి ఉన్నాడు. పండగ పోగానే చెప్పాలనుకున్నాను. పండగ పోయింది. మామకు ఒక చీరల బేరం చెడి ఇల్లంతా చికాకుగా ఉంది. అది సర్దుకున్నాక చెబుదామనుకున్నాను.

ఆయన మంచిగా ఉన్న రోజు ఆ మంచితనం చెడగొట్టడం ఎందుకనిపించేది. చికాకుగా ఉన్న రోజు ఈ చికాకులో ఎలా అనిపించేది.

చెప్పనందువల్ల ఇల్లంతా నాకు భయంగా తయారైంది. మా వీధిలో మూడు రోజులకొకసారి కొళాయి నీళ్ళు వచ్చేవి. వచ్చిన గంటసేపూ వాకిట్లో సంపు మూత తీసి ఉండేది. ఆరడుగుల లోతు. అంచున కూర్చుని పైపు పట్టుకోవడం కోడలి పని. నేను గోడకున్న కిటికీ కమ్మిని ఒక చేత్తో పట్టుకునే కూర్చునేదాన్ని. వడియాల రోజుల్లో ఉడికే సగ్గుబియ్యం జావను కలపాలంటే పొయ్యికి మూరెడు దూరంలో నిలబడేదాన్ని. "పొయ్యి ఏమన్నా కరుస్తాదా నిన్ను? అంత దూరం నిలబడితే అడుగంటదా?" అని అత్త గరిటె లాక్కునేది. ఆమె మాటలు మొరటుగా ఉంటాయి గానీ నాకు ఎండ తగలకుండా మిద్దె మీద నీడ వైపు నన్ను కూర్చోబెట్టి, తను ఎండలో కూర్చుని వడియాలు పెట్టేది.

అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది వాసన. నాకు ఫిట్ వచ్చే ముందు వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. ఆ ఇంట్లో ఆ వాసన రోజూ వచ్చేది. నేతగాళ్ళు చీర తెచ్చినప్పుడల్లా మామ అంచులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూసేవాడు. అసలైన పట్టు కాలితే వెంట్రుక కాలినట్టే ఉంటుంది. వంటింట్లో ఉన్న నాకు ముందు గది నుంచి ఆ వాసన రాగానే చేతిలో ఉన్నది కింద పెట్టి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని, కళ్ళు మూసుకుని కాచుకునేదాన్ని. ముందు గదిలోంచి మామ గొంతు వినపడేది: "మంచి పట్టేలేప్పా." అప్పుడు లేచి మళ్ళీ కూర తరుక్కునేదాన్ని.

*

మే నెల మొదట్లో ఒక పొద్దున సీసా తేలిగ్గా అనిపించి మాత్రలు మంచం మీద పోసి లెక్కపెట్టాను. ముప్పైనాలుగు ఉండాలి. పన్నెండు ఉన్నాయి.

మళ్ళీ లెక్కపెట్టాను. పన్నెండే. నేనే మర్చిపోయి రెండేసి వేసుకున్నానా? మంచం కింద, బీరువా వెనక, పరుపు మడతల్లో వెతికాను. పక్క వీధిలోని మందుల అంగడి వెంకటేశులు మామకు చిన్ననాటి స్నేహితుడు. అక్కడ ఆ మాత్ర పేరు చెబితే, నేను ఇంటికి చేరేలోపే కబురు చేరుతుంది. అమ్మకు ఫోన్ చేశాను. నాయన వచ్చే వారం వస్తాడని, తెస్తాడని చెప్పింది. అప్పటిదాకా పొద్దుటి మాత్ర మానేసి సాయంత్రానిది మాత్రమే వేసుకుందామనుకున్నాను. అలా చేయకూడదని నాకు తెలుసు.

ఆ మధ్యాహ్నమే అత్త వాకిట్లో చేటలో సెనక్కాయలు ఒలుస్తూ, తనంతట తానే చెప్పింది.

"నీ మాత్రలు మంచివమ్మా. పది దినాల నుంచి పొద్దున్నే ఒకటి ఏసుకుంటాండా. మోకాళ్ళు కొంచెం నయంగా ఉండాయి."

"ఏ మాత్రలత్తా?"

"అవే, నీ కాల్షియం మాత్రలు. అడిగితే ఏమనుకుంటావో అని అడగల్యా. కోపమా?"

"కోపం కాదత్తా. అవి మీరు ఏసుకోగూడదు. డాక్టర్ని అడక్కుండా..."

"కాల్షియమే గదే. ఇసమా ఏమన్నా?" అని ఆమె నవ్వి, ఒక గింజ నోట్లో వేసుకుంది.

ఆ నిమిషం చెప్పి ఉండాల్సింది. వాకిట్లో మేమిద్దరమే ఉన్నాం. ఆమె మంచి ధోరణిలో ఉంది. ఇన్ని వారాలుగా నేను కావాలనుకున్న సమయం అచ్చంగా అదే. నేను లేచి లోపలికి వెళ్ళి, సీసా తీసుకెళ్ళి ట్రంకుపెట్టెలో పెళ్ళిచీరల అడుగున దాచి తాళం వేశాను. సాయంత్రం సీసా ఏదని ఆమె అడిగితే అయిపోయాయి అన్నాను. ఇక ఆమె చేతికి అందవు కాబట్టి గండం గడిచిందనుకున్నాను. పది రోజులంటే పది మాత్రలు. పోయినవి ఇరవై రెండు. మిగతా పన్నెండు ఎక్కడికి పోయాయన్న ప్రశ్న నాకు తట్టలేదు. తట్టనివ్వలేదేమో.

*

తర్వాతి వారంలో అత్త మెల్లగా మారిపోయింది. గడప దాటేటప్పుడు గోడ పట్టుకునేది. పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. మధ్యాహ్నం పడుకుంటే దీపాలు పెట్టే వేళకు కూడా లేచేది కాదు. ఒకరోజు నన్ను "అనుపమా" అని పిలిచింది. అనుపమ బళ్ళారిలో ఉన్న ఆమె కూతురు. అందరం నవ్వాం. బయట నలభై మూడు డిగ్రీల ఎండ. ఊళ్ళో ఎవరికి ఏమైనా వడదెబ్బ అనే అనుకునే రోజులు.

"ఈ ఎండకు ఎవురికైనా తల తిరుగుతాది" అన్నాడు మామ.

నేనూ అదే అనుకోవాలని ప్రయత్నించాను. మాత్రలు దాచి వారమైంది కదా, దానివల్ల అయితే ఈపాటికి తగ్గాలి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఆమె అడుగు తడబడినప్పుడల్లా చేతిలో పని ఆపి చూసేదాన్ని. నేను మాత్రలు కొత్తగా వేసుకున్న రోజుల్లో గోరంట్లలో మా ఇంట్లో నేను అచ్చంగా అలాగే నడిచేదాన్ని.

మాత్రలు దాచిన ఎనిమిదో రోజు కొళాయి నీళ్ళ రోజు. నేను వంటింట్లో ఉండగా వాకిట్లో మూత జరిపిన చప్పుడైంది. అత్త తనే సంపు తెరిచి, అంచున నిలబడి, నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూడటానికి వంగింది. వంగి, అలాగే ముందుకు ఊగింది. వెనక్కి రావాలన్న ధ్యాసే లేనట్టు ఊగింది.

ఏ కమ్మినీ పట్టుకోకుండా నేను ఆ సంపు దగ్గరికి వెళ్ళడం అదే మొదటిసారి. ఆమె నడుము దగ్గర చీరను రెండు చేతులతో పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం తడి బండల మీద పడ్డాం. ఆమె నా ఒళ్ళో కూర్చుని, ఏమీ జరగనట్టు, "నీళ్ళు నిండినాయేమో చూడు" అంది. ఆమె మాట ముద్దముద్దగా ఉంది.

ఊళ్ళోని క్లినిక్‌కు తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు కళ్ళు చూసి, బీపీ చూసి, వడదెబ్బే అన్నాడు. సెలైన్ పెట్టాడు.

"ఇంకేమన్నా మందులు వాడుతుందా ఈమె?"

"బీపీ మాత్ర ఒకటే సార్" అన్నాడు భరత్.

నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను. నోరు తెరిచాను కూడా. గదిలో మామ ఉన్నాడు, నర్సు ఉంది, తలుపు దగ్గర మాకు తెలిసినవాళ్ళు ఇద్దరు ఉన్నారు. ఇంతమందిలో కాదు, ఇంటికి వెళ్ళాక ఆయనకు ఒంటరిగా చెబుదాం అనుకున్నాను. ఇంటికి వెళ్ళాక అత్త కొంచెం కుదుటపడినట్టు కనిపించింది. రేపు చెబుదాం అనుకున్నాను.

*

పొద్దున ఆమె లేవలేదు. కళ్ళు తెరుస్తుంది, చూస్తుంది, మళ్ళీ మూస్తుంది. భరత్ "అమ్మా, అమ్మా" అని భుజం పట్టి కుదిపితే, "నాయన అంగడికి పోయినాడా?" అని చిన్నపిల్లలా అడిగింది. ఆమె నాయన చనిపోయి ఇరవై ఏళ్ళు.

"అనంతపురం పోదాం. అమ్మ బట్టలు సర్దు" అన్నాడు భరత్.

రెండు చీరలు, దువ్వెన, కళ్ళజోడు సంచిలో పెట్టాను. దిండు పక్కన ఆమె ఆకువక్క సంచి ఉంది. అది లేకుండా ఆమె ఎక్కడికీ వెళ్ళదు కదా అని చేతిలోకి తీసుకున్నాను. లోపల ఏదో గలగలమంది. ముడి విప్పాను. వక్కలు, సున్నం డబ్బీ, వాటి మధ్య కాగితం పొట్లం. పొట్లంలో నా మాత్రలు మూడు.

రోజూ నా గదిలోకి రావడం ఎందుకని ఆమె ఒకేసారి పన్నెండు తీసి పెట్టుకుందని తర్వాత తెలిసింది. నిన్న పొద్దున కూడా వేసుకుంది.

కారు ఆయనే నడిపాడు. ముందు సీట్లో మామ. వెనక సీట్లో నేను, నా ఒళ్ళో అత్త తల. కిటికీ అవతల దున్ని వదిలేసిన ఎర్రటి చేలు, ఒక్క పచ్చటి మొక్క లేకుండా, వెనక్కి పోతున్నాయి. పొట్లం నా గుప్పిట్లో చెమటకు తడిసి మెత్తబడింది. అనంతపురం ఇంకా ముప్పై కిలోమీటర్లు అని రాయి మీద చూశాను. పదకొండు వారాలుగా నేను మంచి సమయం కోసం కాచుకున్నాను. దీనికన్నా అధ్వాన్నమైన సమయం వెతికినా దొరకదు.

"ఏమండీ" అన్నాను. "అత్త నా మాత్రలు ఏసుకున్నాది. పంతొమ్మిది దినాల నుంచి. అవి కాల్షియం కాదు."

అద్దంలో ఆయన కళ్ళు నా వైపు తిరిగాయి. "మరేంటివి?"

"ఫిట్స్ మాత్రలు. నావి. నాకు చిన్నప్పటి నుంచి ఫిట్స్ ఉండాయి. మీకు చెప్పల్యా."

కారు ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. వేగం తగ్గలేదు, పెరగలేదు. మామ సగం వెనక్కి తిరిగి, నన్ను చూసి, మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు.

"మాత్ర పేరు సరిగ్గా చెప్పు" అన్నాడు భరత్. "ఎంత పవరు? రోజుకు ఎన్ని ఏసుకున్నాది?"

చెప్పాను.

"నాయనా, రాసుకో" అన్నాడు. మామ జేబులోంచి పెన్ను తీసి, పాత బిల్లు వెనక రాసుకున్నాడు. అక్షరం అక్షరం విడదీసి నేను చెప్పాల్సి వచ్చింది. అత్త తల నా ఒళ్ళో గతుకు వచ్చినప్పుడల్లా కదిలేది. ఆమె ఊపిరి తీస్తోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ కూర్చున్నాను.

ఆసుపత్రిలో రక్తం తీసుకుని, గంటలో డాక్టరమ్మ మమ్మల్ని పిలిచింది. "ఒంట్లో ఉప్పు బాగా పడిపోయింది. ఆ బీపీ మాత్రకు ఈ మాత్ర తోడైతే ఈ వయసులో ఇలా అవుతుంది. ఇంకో రెండు రోజులు ఇలాగే జరిగుంటే ఫిట్స్ ఆమెకే వచ్చేవి. మీరు చెప్పబట్టి సరిపోయింది. లేకపోతే కారణం ఎక్కడో వెతుకుతూ ఉండేవాళ్ళం." తర్వాత నా వైపు చూసింది. "ఈ మాత్రలు మీవే కదా? మీరు సరిగ్గా వేసుకుంటున్నారా?"

"ఎనిమిది దినాల నుంచి సగమే."

"ఎవరు చెప్పారు మీకు సగం చేయమని? ప్రాణం మీదికి వస్తుంది, తెలుసా?"

భరత్ అక్కడే ఉన్నాడు. ఆమె రాసిన చీటీ తీసుకుని బయటికి వెళ్ళాడు. పావుగంటకు తిరిగి వచ్చి, కొత్త మాత్రల షీటు, నీళ్ళసీసా నా పక్కన బెంచీ మీద పెట్టాడు. నేను మాత్ర మింగేదాకా నిలబడి చూశాడు. తర్వాత వాళ్ళ అమ్మ మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

*

అత్త నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. రెండో రోజు సాయంత్రానికి నన్ను పేరుతో పిలిచింది. మూడో రోజు ఆకువక్క అడిగింది. అందరికీ ఊపిరి వచ్చింది గానీ నా భయం పోలేదు. రూపం మార్చుకుంది. ఇంతకుముందు తెలిసిపోతుందని భయం. ఇప్పుడు తెలిసిపోయింది. ఆయన అడుగుల చప్పుడు వినపడితే చాలు, ఇప్పుడు చెబుతాడు, మీ ఇంటికి వెళ్ళిపొమ్మని ఇప్పుడు చెబుతాడు అనుకునేదాన్ని. ఆయన చెప్పేవాడు కాదు. ఏమీ చెప్పేవాడు కాదు.

ఇంటికి వచ్చిన మర్నాడు మామ మావాళ్ళను పిలిపించాడు. అమ్మ, నాయన వచ్చి గడప దగ్గరే నిలబడ్డారు.

"మాకూ ఆడబిడ్డ ఉండాది బావా" అన్నాడు మామ మా నాయనతో. "అనుపమను మేము ఇట్ల దాపెట్టి మీ ఇంటికి ఇచ్చింటే, మీరేమనిండేవాళ్ళు?"

నాయన తల ఎత్తలేదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, "భయపడినామన్నా. చెప్తే ఎవురు చేసుకుంటారని భయపడినాం" అంది.

"మీ భయానికి నా భార్య సచ్చిపోయిండేది."

"చెప్పొద్దన్నది మా అమ్మ" అన్నాను నేను. అందరూ నా వైపు చూశారు. "చెప్పనిది నేను. రోజూ చెప్పొచ్చు. ఒక్క దినం గూడా నా నోరు ఎవురూ మూయల్యా. అత్త ఏసుకుంటాందని తెలిసినాక గూడా సీసా దాపెట్టుకున్నా గానీ చెప్పల్యా. క్లినిక్‌లో డాక్టరు అడిగినప్పుడు గూడా ఊరకే ఉన్నా."

ఆ చివరి రెండు మాటలు ఎవరికీ తెలియవు. చెప్పకపోతే ఎప్పటికీ తెలిసేవి కావు. మామ మొహం ఇంకా నల్లబడింది. గుంజకు ఆనుకుని నిలబడిన భరత్ నా వైపు ఒక్కసారి చూసి, కళ్ళు తిప్పుకున్నాడు.

"కొన్నాళ్ళు పిల్లను తీసకపోండి" అన్నాడు మామ. "తర్వాత చూద్దాం."

అమ్మ ఏడుపు ఆగిపోయింది. గదిలోంచి గోడ పట్టుకుంటూ అత్త వచ్చింది. ఇంకా నీరసంగానే ఉంది. మంచం పట్టె మీద కూర్చుని, ఊపిరి తిప్పుకుని, మొగుడి వైపు చూసింది.

"యాడికీ పోయేది లేదు. అడక్కుండా సీసాలో చెయ్యి పెట్టింది నేను. నన్నెవురూ తీసకపొమ్మనల్యా."

"అది వేరే లలితా..."

"ఏం వేరే? దీని మీద నాకు కోపం లేదనుకుంటాండావా? శానా ఉండాది. దీన్ని తిట్టల్లంటే ఇది ఈడ ఉండల్ల గదా. గోరంట్లకు పంపిస్తే నేను ఎవుర్ని తిట్టేది?"

ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వించడానికి అనలేదు. మా అమ్మానాయనలు ఆ సాయంత్రం బస్సుకు నన్ను తీసుకోకుండానే వెళ్ళారు. అత్త మాట నిలబెట్టుకుంది. వారం రోజులు నన్ను తిట్టింది. అన్నం వడ్డిస్తూ తిట్టింది, తల దువ్వుతూ తిట్టింది. మామ నాతో మాట్లాడటం మానేశాడు. నీళ్ళు కావాలన్నా గోడతో చెప్పేవాడు.

భరత్ తిట్టనూ లేదు, మాట్లాడనూ లేదు. పొద్దున్నే అంగడికి వెళ్ళేవాడు, వచ్చేవాడు, తినేవాడు. కోపం తొందరగా పోతుందన్న మనిషి. తొమ్మిది రోజులైంది.

పదో రోజు ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను గదిలో బట్టలు మడత పెడుతున్నాను. ఆయన లోపలికి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. చీర మడత నా చేతుల్లోనే ఆగిపోయింది.

"నీకు ఫిట్ వస్తే నేనేం చేయల్ల?" అన్నాడు.

నేను చీరను మంచం మీద పెట్టాను.

"అడుగుతాండా. ఏం చేయల్ల?"

"పక్కకు తిప్పి పడుకోబెట్టల్ల. తల కింద మెత్తంది ఏమన్నా పెట్టల్ల. గట్టిగా పట్టుకోగూడదు. నోట్లో ఏమీ పెట్టగూడదు."

"చేతిలో ఇనుము?"

"దాంతో ఏం కాదు."

ఆయన మంచం మీద కూర్చున్నాడు. అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. "ఈ మూడు నెలల్లో నీకు వచ్చింటే, నేను తాళాలగుత్తి తెచ్చి నీ గుప్పిట్లో పెట్టిండేవాణ్ణి. పండ్లు కరుచుకుపోతాయని నోట్లో గరిటె దూర్చిండేవాణ్ణి. గట్టిగా అదిమి పట్టుకునిండేవాణ్ణి. మంచి చేస్తాండా అనుకుని నేనే నిన్ను..." అని ఆగిపోయాడు. "తొమ్మిది దినాల నుంచి కండ్లు మూస్తే అదే కనపడతాంది నాకు. నీ మీద కోపమంతా అదే. అర్థమైతాందా?"

"అయితాంది" అన్నాను. నిజానికి అప్పుడే అర్థమైంది. నన్ను వదిలేస్తాడేమోనని నేను భయపడిన రోజులన్నీ, ఆయన చేతులతో ఏం జరిగి ఉండేదో నేను ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

"నోటితో వద్దు. చూపియ్యి."

నేను నేల మీద వెల్లకిలా పడుకున్నాను. బండ వేడిగా ఉంది. ఆయన నా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను చెప్పినట్టే ఒక చెయ్యి నా భుజం మీద, ఒక చెయ్యి నడుము మీద వేసి, ఎడమ వైపుకు తిప్పాడు. మడత పెట్టిన తువ్వాలు తల కిందికి జరిపాడు.

"ఎంతసేపు ఉంటాది?"

"ఒకటి, రెండు నిమిషాలు. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసకపోవల్ల."

"ఐదు నిమిషాలు" అని ఆయన ఫోను తీసి, అలారం పెట్టి, నేల మీద ఉంచాడు. "ఎంతసేపో చూస్తా. కదలొద్దు."

నేను కదల్లేదు. ఐదు నిమిషాలు అంత పొడుగ్గా ఉంటాయని నాకు అంతకుముందు తెలియదు. ఫిట్ వచ్చినప్పుడు ఆ సమయం నాకు ఉండదు. అది చుట్టూ ఉన్నవాళ్ళది. ఆయన ఊపిరి వినపడుతోంది. మధ్యలో గడప దగ్గర కాళ్ళ చప్పుడైంది. అత్త "అయ్యో, ఏమైందిరా?" అని కేక పెట్టింది.

"ఏం కాల్యామ్మా. నేర్చుకుంటాండా."

ఆమె మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ, నా తల దగ్గర చతికిలబడింది. ఎక్కడ చెయ్యి వేయాలో తెలియక చెయ్యి గాల్లోనే పెట్టి, "నాకూ చెప్పరా" అంది. ఆయన ఆమె చెయ్యి తీసుకుని నా తల పక్కన తువ్వాలు మీద పెట్టాడు.

ఫోను మోగింది. ఎవ్వరమూ కదల్లేదు. ఆయన దాన్ని ఆపి, నా భుజం మీది చెయ్యి తీయకుండానే, "ఇంకోసారి పెడతా" అన్నాడు.